వారం రోజుల కౌబాయ్ సినిమాలు: రాబర్ట్ బ్రాడ్‌బరీ పనితనం గురించి

మీరు అడిగింది ఇది: జాన్ వేన్ కుర్రతనంలో చేసిన కౌబాయ్ సినిమాలు యూట్యూబ్‌లో నాలుగైదు చూశారు. చాలావాటి టైటిల్స్‌లో రచన, దర్శకత్వం రాబర్ట్ ఎన్. బ్రాడ్‌బరీ అని ఉంది. ఆయనెవరు, అంత తక్కువ డబ్బుతో అన్ని సినిమాలు ఎలా తీశారు, అసలు ఆయనది పనితనమా లేక చుట్టచుట్టి పారేసే రకమా?

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తాను. చుట్టచుట్టి పారేసే రకం కాదు. అలా పారేసినా అడిగేవాళ్లు లేని చోట, ఎవరూ అడగకపోయినా శ్రద్ధ పెట్టిన మనిషి. ఇది నేను ఊరికే అనడం లేదు. నేను 1997లో ఎడిటింగ్ రూములో అసిస్టెంటుగా చేరాను. అప్పటికింకా మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీదే ఫిల్ము కోసి అతికించేవాళ్లం. తర్వాత చాలా ఏళ్లుగా డైలీ సీరియల్సే. రోజుకో ఎపిసోడ్ బయటికి వెళ్లి తీరాలి. టైము లేనప్పుడు మనిషి ముందుగా ఏం వదిలేస్తాడో, ఏం వదలడో నాకు బాగా తెలుసు. బ్రాడ్‌బరీ సినిమాల్లో నేను వెతికేది అదే.

ఆయన 1886లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వాలా వాలా అనే ఊళ్లో పుట్టారు. మొదట స్టేజి మనిషి. పాట, హాస్యం, గారడీ అన్నీ కలిపి ఊరూరా వేసే వాడెవిల్ ప్రదర్శనల్లో పనిచేశారు. 1907 జనవరిలో పోర్ట్‌లాండ్‌లో ఆయనకు కవల మగపిల్లలు పుట్టారు. ఒకడు బాబ్, ఇంకొకడు బిల్. ఈ పిల్లల పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ వస్తాయి. కుటుంబం కాలిఫోర్నియాకు మారాక ఆయన మూకీల్లో నటించారు, ఆపైన దర్శకత్వంలోకి వచ్చారు. 1920ల మొదట్లో తన పిల్లలిద్దరినే పెట్టి చిన్న సినిమాల వరుస ఒకటి తీశారు. ఇద్దరు కుర్రాళ్లు అడవిలో తిరిగి జంతువులను పట్టుకోవడం, అంతే కథ. జీతం ఇవ్వక్కర్లేని హీరోలు, అద్దె కట్టక్కర్లేని అడవి. ఆయన తర్వాత ఇరవై ఏళ్లు తీసిన సినిమాలన్నిటికీ పద్ధతి అక్కడే పడిపోయింది.

1923 ప్రాంతంలో జాక్ హాక్సీ హీరోగా సన్‌సెట్ అనే చిన్న కంపెనీకి వెస్టర్న్‌లు, అంటే కౌబాయ్ సినిమాలు చేశారు. 1926, 27లలో అదే కంపెనీకి అమెరికా చరిత్ర కథలు కూడా తీశారు. డేవీ క్రాకెట్ పేరుతో అలమో కోట పతనం, డేనియల్ బూన్ అడవి ప్రయాణం, ఆదివాసీ నాయకుడు సిటింగ్ బుల్ కథ. పెద్ద కంపెనీలు వేల మందిని పెట్టి తీసే విషయాలను పిడికెడు మందితో తీశారు. 1927లో పెద్దకొడుకు బాబ్ పేరు మార్చి బాబ్ స్టీల్‌గా ఎఫ్‌బీఓ కంపెనీలో హీరోగా పరిచయమైతే, ఆ మొదటి సినిమా ది మొజావీ కిడ్‌కు దర్శకుడు తండ్రే. ఇద్దరూ కవలలైనప్పుడు పెద్దకొడుకు ఎవరని అడగకండి, తెర మీద ముందుకు వచ్చినవాడు బాబ్ కాబట్టి అలా రాశాను.

ఇక మీ రెండో ప్రశ్న, డబ్బు సంగతి. ఇది అర్థం కావాలంటే అప్పటి వ్యాపారం తెలియాలి. హాలీవుడ్ పెద్ద స్టూడియోలకు సొంత థియేటర్లు ఉండేవి. గోవర్ స్ట్రీట్ చుట్టుపక్కల అద్దె గదుల్లో నడిచే చిన్న కంపెనీలకు అవేమీ లేవు. ఆ కంపెనీలన్నిటినీ కలిపి పావర్టీ రో అనేవారు, అంటే బీదల వీధి. వీళ్లు సినిమాను ప్రాంతాలవారీగా బయ్యర్లకు అమ్మేవారు. మన దగ్గర నైజాం, సీడెడ్, ఆంధ్ర అని టెరిటరీలు అమ్మినట్టే అనుకోండి. ఆ బయ్యరు పల్లెటూరి హాళ్లకు ఫ్లాట్ రేటుకి ఇచ్చేవాడు. శనివారం మ్యాట్నీకి పిల్లలతో హాలు నిండిపోయినా, పది మందే వచ్చినా కంపెనీకి వచ్చేది ఆ రేటే.

దీని పర్యవసానం చూడండి. సినిమా ఎంత బాగున్నా పైసా ఎక్కువ రాదు. మరీ ఘోరంగా ఉంటే తప్ప పైసా తగ్గదు. రాబడి ముందే తెలిసిపోయింది కాబట్టి లాభమంతా ఖర్చు తగ్గించడంలోనే ఉంది. ఒక్కో సినిమాకి పది, పదిహేను వేల డాలర్లు, షూటింగ్ వారం లోపు అని సాధారణంగా చెప్తారు. ఇలాంటి లెక్కలో బాగా తీయమని దర్శకుణ్ణి ఒత్తిడి చేసేవాళ్లు ఉండరు. త్వరగా తీయమనేవాళ్లే ఉంటారు. బ్రాడ్‌బరీ సినిమాలో ఎక్కడైనా ఒక షాట్ బాగుందంటే అది ఆయనకు కావాలనిపించి పెట్టుకున్నదే.

జాన్ వేన్ దగ్గరికి వద్దాం. 1930లో రౌల్ వాల్ష్ తీసిన భారీ సినిమా ది బిగ్ ట్రెయిల్‌లో వేన్ హీరో. అది దెబ్బతింది. ఆ దెబ్బకి వేన్ మెట్టు మెట్టూ దిగి, అప్పట్లో సినిమా హాళ్లలో భాగాలుగా వచ్చే సీరియల్స్ చేసి, 1933 నాటికి మోనోగ్రామ్ కంపెనీ దగ్గరికి చేరాడు. అక్కడ నిర్మాత పాల్ మాల్వర్న్ లోన్ స్టార్ అనే పేరుతో వేన్‌తో 1933 నుంచి 1935 మధ్య 16 సినిమాలు తీశాడు. అందులో 11 బ్రాడ్‌బరీవే. చాలావాటికి కథ, స్క్రిప్టు కూడా ఆయనే రాశారు. వేన్ ఆయనకు కొత్తవాడేం కాదు. గ్లెన్‌డేల్‌లో బాబ్, వేన్ ఒకే స్కూల్లో చదువుకున్నారు. కొడుకు స్నేహితుణ్ణి పెట్టి తండ్రి సినిమాలు తీశాడన్నమాట.

ఆ టీములో మిగతావాళ్లను కూడా చూడాలి. కెమెరా ఆర్చీ స్టౌట్. ఈయనే తర్వాత జాన్ ఫోర్డ్ తీసిన ఫోర్ట్ అపాచీకి పనిచేశారు, ది క్వైట్ మ్యాన్‌కి మరొకరితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. గుర్రాల మీద నుంచి దూకే పనులు యాకిమా కానట్‌వి. ఈయన పేరు స్టంట్ మనుషుల్లో దేవుడి పేరు లాంటిది. 1959 బెన్‌హర్ రథాల పోటీ వెనక ఉన్నది ఈయనే. ముసలివాడి వేషాలకు జార్జ్ హేస్. ఇంతటివాళ్లంతా ఒక చిన్న కంపెనీలో, వారం రోజుల సినిమాల్లో, ఒకళ్ల పక్కన ఒకళ్లు ఉన్నారు. కానట్ అయితే ఒకే సినిమాలో విలన్‌గా కనిపిస్తూ, హీరోకి డూప్‌గా కూడా చేసేవాడు. అంటే కొన్ని ఛేజింగుల్లో ఆయన్ని ఆయనే తరుముకుంటున్నాడు.

ఇప్పుడు మీరు చూసినవాటిలోనే ఒక విషయం దగ్గరగా చూపిస్తాను. ఏదైనా ఫైట్ పెట్టుకోండి, గుద్దు పడే క్షణంలో ఆపండి. కెమెరా ఎక్కడుందో చూడండి.

పాత మూకీల్లో, తొలి టాకీల్లో ఫైట్ అంటే ఇద్దరూ నిజంగానే భుజాల మీద, రొమ్ము మీద గుద్దుకునేవారు. కెమెరా పక్కనుంచి చూసేది. పక్కనుంచి చూస్తే పిడికిలికీ ముఖానికీ మధ్య ఖాళీ స్పష్టంగా తెలిసిపోతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట తగిలించాల్సిందే. బ్రాడ్‌బరీ, వేన్, కానట్ కలిసి ఇంకో దారి పట్టారు. కెమెరాను ఒకడి భుజం వెనక్కి తెచ్చారు. అక్కడినుంచి చూస్తే పిడికిలి ముఖం ముందు నుంచి దూసుకుపోతుంది. దూరం కెమెరాకి తెలియదు. అదే క్షణంలో దెబ్బ తినేవాడు తల వెనక్కి విసిరితే దెబ్బ పడినట్టే. నిజానికి మధ్యలో జానెడు ఖాళీ ఉంటుంది. దీనికి పాస్ సిస్టమ్ అని పేరు. వేన్ ఈ ఆలోచన బ్రాడ్‌బరీదే అని చెప్పేవాడు, కానట్ వాటా కూడా పెద్దదే.

మన ఫైట్ మాస్టర్లు ఇవాళ్టికీ చేసేది ఇదే. రియాక్షన్ టైమింగ్ అని మాస్టరు అరుస్తాడు చూడండి, ఆ అరుపు మూలం ఇక్కడుంది. నా దగ్గరికి కొత్తగా వచ్చిన కుర్రాడికి ఒకసారి ఈ సినిమాల్లో ఒక ఫైట్ ఇచ్చి ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూడమన్నాను. చేయి ముఖం దాటాక తల కదిలితే ఎంత ఎబ్బెట్టుగా ఉందో, చేయి ముక్కు దగ్గర ఉండగా కదిలితే ఎంత నమ్మకంగా ఉందో వాడే కనిపెట్టాడు. రెండు ఫ్రేముల తేడా. ఎడిటింగ్‌లో దాచగలిగేది కూడా ఆ రెండు ఫ్రేములే. దానికోసం కెమెరా సరైన చోట ఉండి తీరాలి, లేకపోతే నేను ఎంత కోసినా లాభం లేదు.

దీనికి ఖర్చు ఎంత? ఏమీ లేదు. కెమెరాను నాలుగడుగులు జరపడం. పైగా ఎవరికీ దెబ్బలు తగలవు కాబట్టి మర్నాడు షూటింగ్ ఆగదు. వారంలో సినిమా పూర్తి చేయాల్సినవాడికి హీరో దవడ వాస్తే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకొకటి. హీరో ఒకచోట గుర్రం ఎక్కుతాడు. కెమెరా ఒక్కసారి గిర్రున పక్కకి తిరుగుతుంది, తెర అంతా గీతలు గీతలుగా అలుక్కుపోతుంది, ఆ గీతల్లోంచి ఇంకో చోటు తెరుచుకుంటుంది. మేం విప్ ప్యాన్ అంటాం. సీను మారినప్పుడు మామూలుగా డిజాల్వ్ వాడేవాళ్లు, అంటే ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ రావడం. దానికి ల్యాబ్ పని, ఖర్చు. ఇది కెమెరా తిప్పితే అయిపోతుంది. ఒక మనిషి పదిమైళ్లు ప్రయాణం చేసి వచ్చాడన్న వేగం కూడా అందులో వచ్చేస్తుంది. లోన్ స్టార్ సినిమాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. కొందరికి చిరాకు. నాకు చాలా ఇష్టం.

మాటల్లేని ఛేజింగులు ఎందుకంత పొడుగ్గా ఉంటాయి అని కూడా మీకు అనిపించి ఉండాలి. అప్పట్లో సౌండ్ రికార్డింగ్ అంటే బరువైన సామాను, మైకు పెట్టే చోటు, గాలి చప్పుడు, రీటేకులు. గుర్రాల పరుగుకి అవేవీ అక్కర్లేదు, మూకీలాగా తీసుకోవచ్చు. మూకీల్లో పెరిగిన బ్రాడ్‌బరీకి అది చేతికి అలవాటైన పని. ఆయన సినిమాలు బయట, కొండల్లో, నీళ్లలో ఉన్నంతసేపు కళకళలాడతాయి. ది లక్కీ టెక్సన్‌లో నీళ్లు పారే చెక్క కాలువలో హీరో ఒక చెట్టుకొమ్మ మీద కూర్చుని జారుకుంటూ పోయి దొంగను పట్టుకునే షాట్ ఉంది. ఆ కొమ్మ మీద ఉన్నది కానట్. కాలువ అక్కడ ఉంది, కొమ్మ అక్కడ దొరికింది, సీను పుట్టింది. అదే సినిమా చివర దొంగలు పట్టాల మీద మోటారు ట్రాలీలో పారిపోతుంటే జార్జ్ హేస్ ఆడవేషంలో కారు నడుపుతూ తరుముతాడు. 1934 నాటి పల్లెటూరి హాల్లో పిల్లలు ఎలా కేకలు పెట్టి ఉంటారో ఊహించుకోవచ్చు.

గదిలోకి వచ్చి కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టగానే సినిమా చతికిలబడుతుంది. ఇది కూడా నిజాయితీగా చెప్పాలి. నటులు వరసగా నిలబడి కథంతా ఒకళ్లకొకళ్లు అప్పజెప్పుకుంటారు. ఒక్కోసారి మాట తడబడినా టేక్ అలాగే ఉంచేశారు. ఆదివాసులను, మెక్సికన్లను చూపించిన తీరు ఇవాళ చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ది స్టార్ ప్యాకర్‌లో కానట్‌కి ఆదివాసీ సహాయకుడి వేషం వేసి ముక్కలు ముక్కలుగా మాట్లాడించారు. ది లాలెస్ ఫ్రాంటియర్‌లో విలన్ సగం ఆదివాసీ, మెక్సికన్‌లా వేషం వేసుకుని తిరుగుతాడు. ఆ కాలం అలాంటిది అని సర్దిచెప్పుకుంటే సరిపోదు. పిల్లలతో కలిసి చూస్తే ఈ సంగతి వాళ్లకు చెప్పండి.

రచయితగా ఆయన గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు అన్నిటికంటే ఆసక్తి అక్కడే. ఆయన కథల్లో మళ్లీ మళ్లీ వచ్చేది ఒకటే. తండ్రి హత్య. వెస్ట్ ఆఫ్ ది డివైడ్‌లో హీరో తన తండ్రిని చంపినవాడి కోసం, చిన్నప్పుడే తప్పిపోయిన తమ్ముడి కోసం వెతుకుతూ ఒక బందిపోటు పేరు పెట్టుకుని ముఠాలో చేరతాడు. ది డాన్ రైడర్‌లో ఇంటికొచ్చిన కొడుకు కళ్లముందే తండ్రి దోపిడీలో చనిపోతాడు. ది లాలెస్ ఫ్రాంటియర్ మొదట్లోనే తల్లిదండ్రులిద్దరూ పోతారు. వెస్ట్‌వర్డ్ హోలో స్క్రిప్టు వేరేవాళ్లది, అయినా అక్కడా అదే, తల్లిదండ్రులు హతం, తమ్ముడు దొంగల పాలు. టెక్సస్ టెర్రర్‌లో దీన్నే తిరగేశారు. షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి అయిన హీరో తన స్నేహితుణ్ణి తానే పొరపాటున కాల్చి చంపానని నమ్మి, బిళ్ల తీసి పక్కన పెట్టి వెళ్లిపోతాడు. చనిపోయినవాడు హీరోయిన్ తండ్రి. కొడుకు వైపు నుంచి కాకుండా, తండ్రిని చంపాననుకున్నవాడి వైపు నుంచి చెప్పిన కథ. చిన్న సినిమాయే గానీ ఆ మలుపు చిన్నది కాదు.

వేన్‌తోనే కాదు, సొంత కొడుకు బాబ్ స్టీల్‌తో తీసిన సినిమాల్లోనూ ఇదే వరస. 1935లో వచ్చిన బిగ్ క్యాలిబర్‌లో హీరో తండ్రిని విషవాయువు గుళికతో చంపుతారు. గుర్రాల సినిమాలో విషవాయువు, పిచ్చి రసాయనవేత్త! స్క్రిప్టు పెర్రీ మర్డాక్‌ది, తీసింది బ్రాడ్‌బరీ. కెమెరా పక్కన తండ్రి నిలబడి యాక్షన్ చెప్తుంటే, ఎదురుగా కొడుకు మోకాళ్ల మీద కూర్చుని చనిపోయిన తెర తండ్రి కోసం పగబట్టడం. ఇది ఒకసారి కాదు, ఏళ్ల తరబడి. ఇంట్లో వాళ్లిద్దరి మధ్య ఏముందో చెప్పడానికి నేనెవణ్ణి. అయితే ఆ సీన్లలో బాబ్ స్టీల్ ముఖం చూడండి. మనిషి పొట్టి, చురుకు. కోపం వచ్చాక ఇద్దరి మీదికి దూకే వేగం అప్పటి పెద్ద హీరోలకు కూడా లేదు. తండ్రి ఆ వేగాన్ని కత్తిరించకుండా దూరం నుంచి, మనిషి మొత్తం కనపడేలా తీశారు. చిన్నప్పటి నుంచి కెమెరాలో చూస్తున్నవాడికి కొడుకు బలం ఎక్కడుందో తెలుసు.

రెండో కొడుకు బిల్ సంగతి చెప్పాలి. లోన్ స్టార్ వరుసలో మొదటిది, 1933 అక్టోబరులో వచ్చిన రైడర్స్ ఆఫ్ డెస్టినీ. ఊరి నీళ్లన్నీ ఒక పెద్దమనిషి గుప్పిట్లో పెట్టుకుంటాడు, రైతులు ఎండిపోతుంటారు, ప్రభుత్వం రహస్యంగా ఒకణ్ణి పంపుతుంది. చివరికి ఆ పెద్దమనిషి నీళ్లలోనే పోతాడు. ఆ పంపినవాడే వేన్, పేరు సింగిన్ శాండీ. తుపాకీ పోటీకి ముందు వీధి మధ్యలోంచి మెల్లగా పాడుకుంటూ నడిచొస్తాడు. వేన్‌కి పాడటం రాదు, గొంతు వేరేవాళ్లది. ఆ గొంతు బిల్ బ్రాడ్‌బరీదని ఎక్కువమంది అంటారు. పెదాలకీ పాటకీ పొంతన లేకపోవడం మీకు వెంటనే తెలుస్తుంది. కానీ ఆ నడకను తీసిపారేయకండి. పాట మామూలుగా సంతోషానికి, ఇక్కడ చావు వస్తోందని చెప్పడానికి వాడారు. ఖాళీ వీధి, నెమ్మదిగా దగ్గరయ్యే మనిషి, వెనక సంగీతం లేదు. ఎదురుగా నిలబడినవాడి ధైర్యం మెల్లగా జారిపోతుంది. ఆ తర్వాతి ఏళ్లలో పాడే కౌబాయ్‌లు గుంపులుగా వచ్చారు గానీ, పాటను ఇలా బెదిరింపుగా వాడినవాళ్లు నాకు కనబడలేదు.

1935లో హెర్బర్ట్ యేట్స్ మోనోగ్రామ్‌తో పాటు మరికొన్ని చిన్న కంపెనీలను కలిపి రిపబ్లిక్ పిక్చర్స్ పెట్టారు. ఆ కొత్త కంపెనీ విడుదల చేసిన మొదటి సినిమా వెస్ట్‌వర్డ్ హో. దర్శకుడు బ్రాడ్‌బరీ, హీరో వేన్. లాలెస్ రేంజ్ కూడా అదే సంవత్సరం. అంటే వేన్‌తో మొత్తం 13. ఆ తర్వాత దారులు విడిపోయాయి. 1937లో మోనోగ్రామ్ మళ్లీ విడిగా మొదలైనప్పుడు జాక్ రాండాల్ అనే పాడే హీరోతో కొన్ని సినిమాలు చేశారు. అవి నీరసంగా ఉంటాయి. 1941లో బక్ జోన్స్‌తో ఫర్బిడెన్ ట్రెయిల్స్ ఆయన చివరిది. 1949 నవంబరులో గ్లెన్‌డేల్‌లో కన్నుమూశారు.

వేన్ 1939లో స్టేజ్‌కోచ్‌తో పెద్ద హీరో అయ్యాడు. అప్పటినుంచి ఈ సినిమాలను వేన్ కష్టకాలం అనే ఒక్కమాటతో దాటేస్తారు. నాకు అది న్యాయంగా అనిపించదు. గుర్రం మీద కూర్చోవడం, దెబ్బ తగలకుండా కొట్టడం, మాట తగ్గించి నిలబడటం, ఇవన్నీ వేన్ చేతికి వచ్చింది ఆ వారం రోజుల షూటింగుల్లోనే.

చూడాలనుకుంటే వెస్ట్ ఆఫ్ ది డివైడ్‌తో మొదలుపెట్టండి, తర్వాత రైడర్స్ ఆఫ్ డెస్టినీ, ఆపైన ది లక్కీ టెక్సన్. ఒక్కోటి గంట లోపే. ఒక జాగ్రత్త. ఇంటర్నెట్‌లో తిరిగే కాపీల్లో చాలావాటికి 1980లలో ఎవరో సింథసైజర్ సంగీతం అంటించారు, కొన్నిటికి రంగులు కూడా పూశారు. గుర్రాలు పరిగెత్తుతుంటే కీబోర్డు మోగుతోందంటే అది ఆ కాపీయే. వదిలేసి నలుపు తెలుపుది, టైటిల్స్ అయ్యాక సంగీతం ఆగిపోయేది వెతకండి. డెక్కల చప్పుడు, గాలి, అప్పుడప్పుడు మైకులో పడిన గరగర, అంతే వినిపించాలి. అందులో చూస్తేనే ఆ వీధిలో నడక పనిచేస్తుంది.

అన్నీ అయ్యాక వీలైతే 1959లో హోవార్డ్ హాక్స్ తీసిన రియో బ్రావో కూడా పెట్టుకోండి. అందులో షెరీఫ్ జాన్ వేన్. విలన్ మనుషుల్లో ఒక చిన్న వేషంలో పొట్టిగా, యాభై దాటిన ఒకాయన కనిపిస్తాడు. బాబ్ స్టీల్.